మెట్ల లెక్క జారే చోటు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, లెక్కల మాస్టార్లకు, సైన్సు టీచర్లకు ఒక్క దండంలోనే కృతజ్ఞతలన్నీ చెప్పేసుకుంటున్నాను. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, బోర్డు కనబడాలి.

ఈ రోజు మే 20. 1875లో ఇదే తేదీన పారిస్‌లో 17 దేశాలు మీటరు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ చరిత్ర చెప్పమనే నన్ను పిలిచారు. చెబుతాను. కానీ అంతకంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ప్రమాణాలు మార్చడం మనం నేర్పే తీరులోనే ఒక లోపం ఉంది.

బోర్డు మీద మెట్లు గీస్తాం. కిలో, హెక్టో, డెకా, మధ్యలో మీటరు, కింద డెసి, సెంటి, మిల్లి. మెట్టు దిగితే దశాంశ చుక్క కుడికి, ఎక్కితే ఎడమకి. పొడవుకు ఇది చక్కగా సరిపోతుంది. 3.45 మీటర్లు రెండు మెట్లు దిగితే 345 సెంటీమీటర్లు. ఇక వైశాల్యం పాఠం వస్తుంది. చదరపు మీటరుకు ఎన్ని చదరపు సెంటీమీటర్లని అడిగితే వంద అంటారు. రెండు మెట్లే కదా దిగింది!

వంద కాదండీ, పదివేలు. నేల మీద సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీయించండి. దాని మూలలో సెంటీమీటరు గడి ఒకటి గీయించండి. ఒక అంచు వెంట అలాంటివి 100 పడతాయి. ఆ వరసలు మళ్లీ 100. పిల్లలు ఒక్కసారి ఆ గడి ముందు కూర్చుంటే చాలు. ఘనపు మీటరైతే 100 మూడుసార్లు గుణించాలి, పది లక్షల ఘనపు సెంటీమీటర్లు. మెట్టు దిగినప్పుడు పొడవులో పదితో, వైశాల్యంలో వందతో, ఘనపరిమాణంలో వెయ్యితో గుణిస్తాం. చుక్క జరపడం ఒక్కటే నేర్పితే ఈ తేడా వాళ్లకు ఎప్పటికీ కనబడదు.

నీళ్ల తొట్టి ఒకటి తీసుకుందాం. పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 80 సెంటీమీటర్లు, లోతు 450 మిల్లీమీటర్లు. ఉన్న అంకెలు ఉన్నట్టే గుణిస్తే 43,200 వస్తుంది, అది ఏ ప్రమాణంలోనూ లేదు. అన్నీ మీటర్లలోకి తెచ్చుకుంటే 0.432 ఘనపు మీటర్లు. ఇంతవరకూ బాగానే వస్తారు. అక్కడ లీటర్లు అడిగితే, మీటరు నుంచి డెసీమీటరుకు ఒక్క మెట్టే కదా అని పదితో గుణించి 4.32 అని రాస్తారు. అంత తొట్టిలో ఒక చేత్తో మోసుకుపోగలిగినన్ని నీళ్లేనా!

అందుకే డెసీమీటరును పట్టుకోమంటాను. టేపు మీద ఎవరూ చదవరు గనక దాన్ని మెట్ల బొమ్మలో వదిలేశాం. కానీ లీటరంటే ఒక ఘనపు డెసీమీటరే. తొట్టిని 12, 8, 4.5 డెసీమీటర్లని రాసుకోండి. గుణిస్తే 432 లీటర్లు నేరుగా వచ్చాయి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10, 10, 0.01 డెసీమీటర్లు. అంటే ఒక లీటరు.

లీటరు మాట వచ్చింది కనక ఆ చరిత్ర ఇక్కడే చెబుతాను, మిగతాది వదిలేసినా ఫరవాలేదు. 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ లీటరును నీటి బరువుకు ముడిపెట్టింది. మామూలు వాతావరణ పీడనంలో, అత్యధిక సాంద్రత దగ్గర ఒక కిలో శుద్ధజలం ఆక్రమించే చోటే లీటరు. తీరా జాగ్రత్తగా కొలిస్తే అది 1.000028 ఘనపు డెసీమీటర్లు. ఎక్కువైంది 28 ఘనపు మిల్లీమీటర్లు, రమారమి 3 మిల్లీమీటర్ల అంచున్న బుల్లి ఘనమంత. అంత చిన్న తేడా వల్ల మిల్లీలీటరు వేరు, ఘనపు సెంటీమీటరు వేరు అయి కూర్చున్నాయి. 1964లో ఆ నిర్వచనాన్ని రద్దు చేశాకే రెండూ ఒకటయ్యాయి. అప్పట్నుంచి లీటరు పొడవు నుంచి పుట్టిన ప్రమాణం, బరువుతో దానికి బంధుత్వం లేదు. లీటరంటే కిలో అని పిల్లలకు చెప్పకండి, దయచేసి చెప్పకండి. నీటికి సుమారుగా సరిపోతుంది, నూనెకు సరిపోదు.

రాతలో జరిగే పొరపాట్లు ఇంకా ప్రమాదం. తెలుగులో మి.గ్రా., మై.గ్రా. అని రాస్తాం. ఒకటి మిల్లీగ్రాము, ఒకటి మైక్రోగ్రాము. గుడికీ ఐత్వానికీ మధ్య వెయ్యి రెట్లు! మందు మోతాదులో 0.25 మిల్లీగ్రాములంటే 250 మైక్రోగ్రాములు. మైక్రోకు గుర్తుగా రాసే గ్రీకు అక్షరం మ్యూ తొందరలో గీస్తే ఇంగ్లిష్ ఎమ్‌లా కనబడుతుంది. కాబట్టి మోతాదు దగ్గర మైక్రోగ్రాము అని పూర్తిగా రాయండి. చుక్క ముందు సున్నా పెట్టండి, లేకపోతే అరను ఐదని చదువుతారు. 5 పక్కన చుక్క, సున్నా పెట్టకండి, చుక్క చెరిగితే 50 అవుతుంది.

ఉష్ణోగ్రత గురించి ఒక్క ముక్క. సెల్సియస్‌కు 273.15 కలిపితే కెల్విన్ వస్తుంది. కానీ 20 డిగ్రీల నుంచి 30కి పెరిగితే ఆ పెరుగుదల 10 కెల్విన్లే. తేడాకు ఏమీ కలపకూడదు. దీని మీద ఇంకా చెప్పాలనుకున్నాను గానీ సమయం చాలదు.

చివరిగా బోర్డు మీద ఒక లెక్క. ఉక్కు సాంద్రత సుమారు 7.85, ఘనపు సెంటీమీటరుకు గ్రాముల్లో. గ్రాము కిలో అయితే వెయ్యి రెట్లు, ఘనపు సెంటీమీటరు ఘనపు డెసీమీటరైతే అదీ వెయ్యి రెట్లే. పైనా కిందా ఒకటే పెరిగింది కనక అంకె మారదు, ఘనపు డెసీమీటరుకు 7.85 కిలోలు. ఇప్పుడు 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక. 20, 10, 0.06 డెసీమీటర్లు. గుణిస్తే 12 ఘనపు డెసీమీటర్లు, బరువు 94.2 కిలోలు. మందాన్ని సెంటీమీటర్లని చదివి ఉంటే 942 వచ్చేది.

పిల్లలూ, మందం 4 మిల్లీమీటర్లు చేశాను. పెన్ను తియ్యండి. ప్రతి అంకె పక్కనా ప్రమాణం రాయండి, రాయకుండా గుణించొద్దు.

62.8 కిలోలు. సరిగ్గా చెప్పావమ్మా.