కొనండి, కానీ పిచర్ల సంగతేంటి?

సభకు నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. పంతులుగారు ఇందాకే పంచాంగం చదివారు. నా రాశికి ఆదాయం కంటే వ్యయమే ఎక్కువట. కాబట్టి డబ్బు తగలెయ్యడం గురించి మాట్లాడే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. పులిహోర వాసన మీకే కాదు, నాకూ వస్తోంది. త్వరగా ముగిస్తాను.

మన టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు కోట్లు పోసి పెద్ద స్టార్‌ని తేవాలా వద్దా? కుర్రాళ్లు అడిగిన ప్రశ్న ఇది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం రెండు మాటలు చెబుతాను. పిచర్ అంటే బంతి వేసేవాడు, మన బౌలర్ లాంటివాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిది. ఇక్కడ ఐపీఎల్‌లా వేలం ఉండదు. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు. ఎవరితో బేరం కుదుర్చుకోవాలో అతనిష్టం. జీతాలకు గట్టి పరిమితీ లేదు. హద్దు దాటిన జట్టు పన్ను కడుతుంది, అంతే.

ఇక అసలు కథ. 2000 డిసెంబర్‌లో ఓనర్ టామ్ హిక్స్ పెద్ద స్టార్ అలెక్స్ రోడ్రిగెజ్‌ని, అదే అందరూ ఏ-రాడ్ అనే ఆయన్ని, తెచ్చాడు. పదేళ్లకు 25 కోట్ల 20 లక్షల డాలర్లు. హిక్స్ అంతకు రెండేళ్ల ముందు జట్టు మొత్తాన్ని కొన్నదే 25 కోట్లకు! అప్పుడు ఇక్కడున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, తెల్లజుట్టు వాళ్లందరూ ఎత్తారు. ఇక్కడ మన డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో టెలికాం కంపెనీలు మనుషుల్ని వరసగా ఇంటికి పంపుతున్న రోజులవి. లంచ్ దగ్గర మాకు లేఆఫ్ టెన్షన్, టేబుల్ మీద పేపర్లో ఏ-రాడ్ జీతం. ఒళ్లు మండదా మరి?

అయినా మ్యాచ్ చూడ్డానికి ఆర్లింగ్టన్‌లోని మన స్టేడియంకి వెళ్లేవాణ్ని. పై డెక్‌లో చవక టికెట్, కుర్చీ మీద చెయ్యి పెడితే కాలిపోయే ఎండ. అతను బంతిని ఎడమవైపు గోడ అవతలికి కొట్టేవాడు, జనం లేచి అరిచేవాళ్లు. మరుసటి ఇన్నింగ్స్‌లో మన పిచర్లు వచ్చి, కొట్టిన పరుగులకు వడ్డీ కలిపి అవతలివాళ్లకు అప్పజెప్పేవాళ్లు. 2001లో 52 హోమ్ రన్లు, 2002లో 57, 2003లో 47, పైగా ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు, ఎంవీపీ. మూడేళ్లూ మనది డివిజన్‌లో ఆఖరి స్థానం. చెప్పండి, షార్ట్‌స్టాప్‌లో ఫీల్డింగ్‌కి నిలబడ్డ మనిషి బౌలింగ్ కూడా చెయ్యాలా?

నా బాధల్లా ఇదే. ఈ హాల్లో ముందు వరసలో ఉన్న ఒకాయన ఇప్పటికీ "వాడే ముంచాడు" అంటారు. అన్నగారూ, మీరే! ముంచింది అతనా, పిచింగ్‌ని గాలికొదిలేసి ఒక్కడి మీద అంత పోసినవాళ్లా? ఆ ఏళ్లలో స్టెరాయిడ్స్ వాడానని 2009లో తనే ఒప్పుకున్నాడు. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ జట్టు ఓటమికి అది జవాబు కాదు కదా.

2004లో అతన్ని న్యూయార్క్ యాంకీస్ జట్టుకి పంపించేశారు. పంపిస్తూ, మిగిలిన జీతంలో 6 కోట్ల 70 లక్షలు మేమే కడతామని ఒప్పుకున్నారు. 2010లో జట్టు దివాలా కోర్టుకెక్కితే జట్టు బాకీపడ్డవాళ్ల జాబితాలో పెద్ద పేర్లలో ఒకటి ఎవరిది? ఏ-రాడ్‌దే. దాదాపు రెండున్నర కోట్లు బాకీ! ఆ ఏడాది అక్టోబర్‌లోనే మనం యాంకీస్‌ని ఓడించి మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, వెళ్లాం. యాంకీస్ ఆఖరి బ్యాటర్ ఎవరో తెలుసుగా, ఏ-రాడే. మన పిచర్ ఫెలీజ్ వేసిన బంతి వంకర తిరిగి వచ్చింది, బ్యాట్ కదల్లేదు, అంపైర్ చెయ్యి లేచింది. మా ఇంట్లో అరుపులకి పక్కింటివాళ్లు తలుపు కొట్టారు.

చీటీ అందింది, రెండు నిమిషాలట.

అయితే స్టార్లు వద్దంటున్నానా? లేదండీ. 2021లో 102 మ్యాచ్‌లు ఓడిన మన జట్టు బ్యాటింగ్ స్టార్ కోరీ సీగర్‌కి పదేళ్లకు 32 కోట్ల 50 లక్షలు ఇచ్చింది. దాదాపు అదే సమయంలో ఇంకో బ్యాటర్ మార్కస్ సెమియన్‌కి ఏడేళ్లకు 17 కోట్ల 50 లక్షలు. అందరూ నవ్వారు. మరుసటేడు 94 ఓటములు. అప్పుడు ఆగిపోయి ఉంటే మళ్లీ ఏ-రాడ్ కథే. ఆగలేదు. పిచర్లు డిగ్రామ్‌ని తెచ్చారు, ఇయోవాల్డీని తెచ్చారు, మేనేజర్‌గా బోచీని తెచ్చారు. డిగ్రామ్ మోచెయ్యి ఆరు మ్యాచ్‌లకే దెబ్బతింటే సీజన్ మధ్యలో ఇంకో పిచర్ మాంట్‌గోమరీని పట్టుకొచ్చారు. 2023లో కప్పు మనదే, సిరీస్ ఎంవీపీ సీగర్. ఫైనల్ మొదటి మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఓడిపోతున్న ఆటని అతని హోమ్ రన్ సమం చేసింది, గుర్తుందా?

అటు న్యూయార్క్ మెట్స్ చూడండి. బ్యాటింగ్ స్టార్ హువాన్ సోటోకి పదిహేనేళ్లకు 76 కోట్ల 50 లక్షలు. 2025లో అతను 43 హోమ్ రన్లు కొట్టాడు, జట్టు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. చివరికొచ్చేసరికి పిచింగ్ కుప్పకూలింది. పాపం, ఇప్పుడు అక్కడ కూడా ఎవరో ఒకాయన "వాడే ముంచాడు" అంటూ ఉంటారు.

కుర్రాళ్లూ, నా ఓటు కొనమనే. కానీ ప్రెస్‌మీట్‌లో కొత్త జెర్సీ తొడిగి ఫొటోలు దిగుతుంటే చప్పట్లు కొట్టి ఊరుకోకండి. మూడో పిచర్, నాలుగో పిచర్ ఎవరని అడగండి. వాళ్ల పేర్లు చెప్పలేకపోతే ఆ డబ్బు దాచుకోమనండి.

అన్నగారూ, మీ అభ్యంతరాలేవైనా ఉంటే భోజనాల దగ్గర చూసుకుందాం. మైకు కవితలు చదివేవాళ్లకు ఇచ్చేస్తున్నాను.