పరుగుల పోటీ నుంచి రగ్బీకి: స్వీటీ కుమారి దారి మన అమ్మాయిలకూ ఉంది

(దృశ్యం: స్క్రీన్ మీద స్కోరు మాత్రమే. ఇండియా 21, సింగపూర్ 19)

2019 జూన్, మనీలా. జట్టుకి పదిహేను మంది ఆడే రగ్బీలో మన అమ్మాయిల తొలి అంతర్జాతీయ గెలుపు ఇది. ఒడిశాకు చెందిన సుమిత్రా నాయక్ ఆఖర్లో కొట్టిన పెనాల్టీ కిక్‌తో మ్యాచ్ మనదైంది. ఈ ఫార్మాట్‌లో మన మహిళల జట్టు అడుగుపెట్టింది అంతకు ముందు ఏడాదే, 2018లో.

2019 సంవత్సరానికే ఇంకో బహుమతి కూడా వచ్చింది. మహిళల రగ్బీ గురించే రాసే స్క్రమ్‌క్వీన్స్ వెబ్‌సైట్ ఆ ఏటి అంతర్జాతీయ యువ క్రీడాకారిణిగా స్వీటీ కుమారిని ప్రకటించింది. ఇంగ్లండో న్యూజిలాండో కాదు, బీహార్ అమ్మాయి!

(దృశ్యం: మ్యాప్. పట్నా నుంచి బాఢ్ వైపు కదిలే గీత)

స్వీటీది పట్నా జిల్లాలో బాఢ్ దగ్గర పల్లెటూరు. మొదట్లో ఆమె చేసింది అథ్లెటిక్స్. ఆమె పరుగు చూసి, టీనేజ్‌లో ఉండగా రగ్బీ వైపు తిప్పారు. తర్వాత ఆసియా రగ్బీ సంఘం ఆమెను ఖండంలోకెల్లా వేగంగా పరిగెత్తే క్రీడాకారిణిగా చెప్పింది.

అదెలా సాధ్యమైంది? ఆమె వింగర్. అంటే మైదానం అంచున ఉండే ప్లేయర్. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. కాబట్టి మధ్యలో వాళ్ళు ఎదుటి జట్టును తమవైపు లాక్కుని, ఒక్కొక్కరే చేతులు మార్చుకుంటూ బంతిని అంచుకి చేరుస్తారు. అక్కడ కాస్త ఖాళీ దొరికితే చాలు, వింగర్ ఎదుటి జట్టు చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తుంది. దాన్ని ట్రై అంటారు, అయిదు పాయింట్లు.

(దృశ్యం: ఖాళీ మైదానం, అందులో ఏడు చుక్కలు ఒకవైపు, ఏడు ఇంకోవైపు)

సెవెన్స్‌లో పరుగు విలువ ఇంకా పెరుగుతుంది. మైదానం అదే, మనుషులు మాత్రం జట్టుకి ఏడుగురే. సగానికి ఏడు నిమిషాలు. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది ఈ సెవెన్సే.

ఇప్పుడు బెంగళూరుకొద్దాం. మారతహళ్లి, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో మీకు చెప్పక్కర్లేదు. స్కూల్ స్పోర్ట్స్ డేలో వంద మీటర్లు గెలిచిన అమ్మాయి పదో తరగతికి రాగానే షూస్ అటకెక్కిపోతాయి. రాష్ట్ర స్థాయి టైమింగ్‌కి కొద్దిలో ఆగిపోయిందని, ఇక ఆటలు చాలంటారు. ఆ అమ్మాయికి ఇంకో తలుపు ఉందని చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను. రగ్బీకి అయిదేళ్ళ వయసులో మొదలుపెట్టి ఉండాల్సిన పనిలేదు.

పరుగు రానివాళ్ళ సంగతేంటి? పదిహేను మంది ఆటలో జెర్సీ నంబరే పని చెబుతుంది. 1, 2, 3 నంబర్లు స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ వంగి ఒకరినొకరు నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడే చోట, ముందు వరస; అక్కడ బలమైన శరీరం కావాలి. 4, 5 పొడగరులు. 9వ నంబర్ పొట్టిగా, చురుగ్గా ఉన్నా పర్వాలేదు. లావుగా ఉందని పిల్లని ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చోబెడతారే, అది చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆ పిల్లకి ఈ ఆటలో గౌరవమైన చోటుంది.

(దృశ్యం: నెమ్మదిగా కదిలే టాకిల్, అంటే బంతి ఉన్నవాళ్ళని పట్టి పడేయడం. చేతులు నడుం చుట్టూ)

"దెబ్బలు తగలవా?" అని అమ్మలు అడుగుతారు. తగులుతాయి. కబడ్డీలో కూతకొచ్చినవాళ్ళని పట్టినట్టే ఇక్కడా పట్టాలి, కానీ భుజాల పైన పట్టుకుంటే తప్పు. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చిన పిల్లని వెంటనే బయటికి పంపాలి, ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు. కొత్తవాళ్ళు టాకిల్ లేని టచ్ రగ్బీతో మొదలుపెట్టొచ్చు.

డబ్బు సంగతి దాచను, మన దగ్గర ఆడపిల్లలకు ఈ ఆటలో అది ఇంకా తక్కువే. బయట మాత్రం ఈ ఆటకి జనం బాగానే వస్తున్నారు. 2025 సెప్టెంబర్ 27న లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కి 81,885 మంది వచ్చారు, ఇంగ్లండ్ కెనడాను 33-13తో ఓడించింది. అదే ఏడాది జూన్‌లో మన దగ్గర రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలకూ జట్లు వచ్చాయి. తొలి సీజన్ మగవాళ్ళదే. ఆడపిల్లలకు ఆటతోనే బతుకు గడిచే రోజు వచ్చేదాకా ఇంట్లోవాళ్ళ అండ, చదువు, ఉద్యోగం కలిసి నడవాల్సిందే. పతకం తెచ్చిన క్రీడాకారులకు సర్కారు కొలువు ఇచ్చే పథకం బీహార్ పెట్టింది. అలాంటిది లేని రాష్ట్రాలు కూడా ఆ పని చేయాలి.

మీ అమ్మాయిని మైదానానికి తీసుకెళ్తే కోచ్‌ని ముందు మూడు సంగతులు అడగండి. టాకిల్ కంటే ముందు పడటం నేర్పుతారా? మౌత్‌గార్డ్ (పళ్ళకి పెట్టుకునే రక్షణ) లేకుండా ఆడిస్తారా? తలకి దెబ్బ తగిలితే ఆట ఆపాలన్న నిర్ణయం ఎవరిది? మూడోదానికి తడుముకుంటే ఇంకో కోచ్‌ని వెతకండి.