దిండు వేసే ముందు కుర్చీని బోర్లించి చూడండి

అందరికీ నమస్కారం.

కుర్చీ కుంగిందంటే మన ఇళ్ళలో మొదట చేసే పని దాని మీద ఇంకో దిండు వేయడం. కూర్చోగానే హాయిగానే ఉంటుంది. కాసేపటికి నడుము లాగడం మొదలవుతుంది. కింద గుంట పడి ఉంటే పైన వేసిన దిండు కూడా ఆ గుంటలోకే దిగుతుంది మరి. అందుకే దిండ్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు అడుగుభాగం.

పేము కుర్చీ అల్లిక తెగకుండా కేవలం వదులైతే పైసా ఖర్చు లేదు. కుర్చీని బోర్లించి, వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలును అడుగువైపు అరగంట పరచండి. పైవైపున్న నున్నటి పొర నీటిని సరిగా పీల్చదు. తర్వాత ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. తడిసిన పేము ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. చెమ్మ ఆరకముందే కూర్చున్నారో, మునుపటికన్నా ఎక్కువ సాగుతుంది. ప్లాస్టిక్ అల్లికకు ఈ వైద్యం పనికిరాదు.

సోఫా అడుగున పట్టీలు సాగిపోతే పాత సైకిల్ ట్యూబులు బాగా పనికొస్తాయి. వాల్వు ఉన్న ముక్క తీసేయండి. ట్యూబును చీల్చకుండా చదునుగా వాడితే రెండు పొరల బలం ఉంటుంది. చట్రం వెడల్పు 50 సెంటీమీటర్లయితే, లాగకముందు పట్టీ 45 ఉండాలి. రెండు కొసల్లో మడతకు చెరో 4 సెంటీమీటర్లు అదనం. కొసను మడిచి, వెడల్పు తల ఉన్న మేకులు మూడు కొట్టండి. మడవకపోతే మేకు దగ్గర రబ్బరు చిరుగుతుంది. మేకులన్నీ ఒకే గీతలో కొడితే చెక్క పగులుతుంది, కాస్త అటూ ఇటూ కొట్టండి. పట్టీల మధ్య రెండు వేళ్ళ సందు వదిలి, నిలువు పట్టీల్లోంచి అడ్డపట్టీలను నవారు నేసినట్టు కిందికీ పైకీ పోనివ్వండి. పైన ఒక గోనెపట్టా పరిస్తే ఫోమ్ సందుల్లో ఇరుక్కోదు. ట్యూబులు దొరక్కపోతే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయొచ్చు, కానీ దాని మీద మందమైన మంచి ఫోమ్ లేకపోతే బల్ల మీద కూర్చున్నట్టే.

పడక కుర్చీలో అసలు చిక్కు లేవడం. గుడ్డ సాగి పిరుదులు మోకాళ్ళకన్నా బాగా కిందికి పోతాయి. ఒక కొసన కర్ర దూర్చే మడతను 5 సెంటీమీటర్లు లోపలికి జరిపి కుట్టండి, కూర్చునే చోటు పైకి లేస్తుంది. చాలకపోతే ఇంకొంచెం. గుడ్డే పాడైతే పాత జంపఖానా బాగుంటుంది. చీర మాత్రం వద్దు, ఎన్ని మడతలేసినా కుట్టు దగ్గర పిగులుతుంది. మూడు వరుసలు మిషన్ కుట్టు వేయించి, కూర్చునే ముందు చేతులతో బరువు మోపి చూడండి.

చీరల అక్కర పైమెత్తకు. ఐదున్నర మీటర్ల నూలు చీరను వెడల్పులో సగానికి మడిచి, పొడవులో అర మీటరుకొక మడత వేస్తే 22 పొరలొస్తాయి. అంత మడిచినా మందం అర సెంటీమీటరుకు అటూఇటూనే. కాబట్టి ఒక్క చీరతో సరిపెట్టుకోవద్దు, నాలుగు పెట్టండి. దబ్బనంతో బెత్తెడు దూరానికొక ముడి వేస్తే పొరలు జారవు. సిల్కు, నైలాన్ చీరలు జారతాయి, పైగా నైలాన్ చెమట పీల్చదు. ఫోమ్ ముక్కలు కుక్కిన దిండ్లు నాకైతే నచ్చవు, నెల తిరక్కుండా ఉండలు కడతాయి. బూరుగు దూది దిండు అణిగితే మాత్రం పారేయకండి. ఒక పూట ఎండలో తిరగేస్తూ ఉంచి తడితే చాలావరకు పొంగుతుంది.

ఇక ఎత్తు. మనిషి కూర్చున్నాక, మెత్త అణిగిన తర్వాత, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. మోకాలి వెనుకకూ కుర్చీ అంచుకూ మధ్య మూడు వేళ్ళు పట్టాలి. పట్టకపోతే కుర్చీ లోతెక్కువ, వీపు వెనుక దిండు పెట్టండి. పెద్దవాళ్ళ కోసం ఎత్తు పెంచాలంటే కాళ్ళ కింద ఇటుకలు వద్దు, లేచేటప్పుడు కుర్చీ వెనక్కి జరిగి కాలు జారుతుంది. కాలు దిగేంత గుంట తొలిచిన చెక్కదిమ్మలు నాలుగూ ఒకే ఎత్తువి పెట్టి, వాటి అడుగున ట్యూబు ముక్కలు అంటించండి.