తేలికగా కనిపించే కష్టమైన ప్రశ్నలు: షార్ నుంచి చీమకుర్తి దాకా

నమస్కారం. జనరల్ నాలెడ్జిలో బాగా కష్టమైన ప్రశ్నలు అడగమని మన ప్రేక్షకులు తరచుగా కోరుతుంటారు. కష్టమైన ప్రశ్న అనగానే పసిఫిక్ మహాసముద్రంలోని ఏదో చిన్న దీవికి రాజధాని ఏదని అడగడం ఒక అలవాటుగా మారింది. అటువంటి ప్రశ్నకు బట్టీ పట్టినవాడు జవాబు చెబుతాడు, పట్టనివాడు రాత్రంతా ఆలోచించినా చెప్పలేడు. నా దృష్టిలో గట్టి ప్రశ్న అంటే, వినగానే జవాబు నాలుక చివరకు రావాలి, ఆ వచ్చిన జవాబు తప్పు కావాలి, కాస్త నిదానిస్తే సరైన జవాబు మనకు తెలిసిన సంగతులలోనే దొరకాలి. అందుకే ఈ రోజు ప్రశ్నలన్నీ నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నుంచే తీసుకున్నాను.

మొదటిది చాలా తేలిక. శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం, అంటే మనం షార్ అని పిలిచే రాకెట్ ప్రయోగ కేంద్రం, ఏ జిల్లాలో ఉంది? నెల్లూరు అని అన్నవారు పాత బిట్ బ్యాంకు చదివారన్నమాట. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది, దానితోపాటే మనం ఇన్నేళ్ళుగా మనదని చెప్పుకున్న షార్ కూడా వెళ్ళింది. జిల్లాల సరిహద్దులు మారుతూ ఉండే రోజులలో ఇటువంటి ప్రశ్నను సంవత్సరం చెప్పకుండా అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు ప్రశ్న. రాకెట్లను తూర్పు తీరం నుంచే ఎందుకు ఎగరేస్తారని అడిగితే, భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక ఆ వేగం రాకెట్టుకు కలిసి వస్తుందని హైస్కూలు పిల్లలు కూడా చెబుతారు. శ్రీహరికోట దగ్గర నేల గంటకు సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది, ఆ వేగం రాకెట్టుకు ఉచితంగా దొరుకుతుంది. మరి మన పీఎస్ఎల్‌వీ రాకెట్టు మోసుకెళ్ళే ఉపగ్రహాలలో చాలావాటిని ధ్రువాల మీదుగా, అంటే దాదాపుగా ఉత్తర దక్షిణాలుగా తిరిగే కక్ష్యలో పెట్టాలి కదా, వాటికి భూమి తిరిగే వేగం వల్ల లాభమేమిటి? కాసేపు ఆలోచించండి.

ఏ లాభమూ లేదు. దక్షిణానికి వెళ్ళవలసిన వస్తువును తూర్పుకు తోసే వేగం సాయపడదు, పైగా దానిని సరిచేసుకోవలసి వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. భారతదేశ పటం తీసి శ్రీహరికోట నుంచి తిన్నగా కిందికి గీత గీస్తే అది శ్రీలంక మీద నుంచి పోతుంది. ఖాళీ అయిన రాకెట్ దశలు ఇంకో దేశపు ఇళ్ళ మీద పడే ప్రమాదం ఉన్న దారిలో ఏ దేశమూ రాకెట్టును పంపదు. కాబట్టి మన పీఎస్ఎల్‌వీ మొదట ఆగ్నేయ దిశగా సముద్రం మీదికి వెళ్ళి, శ్రీలంకను పక్కకు తప్పించి, ఆ తరువాత దక్షిణానికి మలుపు తీసుకుంటుంది. ఆ మలుపుకు ఖర్చయ్యే ఇంధనం మేరకు అది మోయగలిగిన బరువు తగ్గిపోతుంది. పెద్ద రాకెట్టు ఈ నష్టాన్ని తట్టుకుంటుంది గాని, చిన్న ఉపగ్రహాల కోసం తయారైన ఎస్ఎస్ఎల్‌వీ వంటి చిన్న రాకెట్టుకు అది చాలా భారం. తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో రెండవ ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేయడానికి కారణం ఇదే, ఎందుకంటే అక్కడ నుంచి దక్షిణానికి చూస్తే హిందూ మహాసముద్రం తప్ప అడ్డంగా ఏ దేశమూ లేదు. నెల్లూరులో మేడ ఎక్కి రాత్రి ప్రయోగం చూసేవారు ఈసారి ఆ నిప్పు గీత ఎటు వంగుతున్నదో గమనించండి. అది ధ్రువ కక్ష్యకు పోతున్నదా, మరో కక్ష్యకా అనేది ఊహించడానికి అదే మొదటి ఆధారం.

రాకెట్ల దగ్గరే ఇంకొక ప్రశ్న. క్రయోజెనిక్ దశలో, అంటే అతి చల్లని ద్రవ ఇంధనంతో పనిచేసే దశలో, ద్రవ హైడ్రోజన్ నింపే ముందు గొట్టాలలోని గాలిని తరిమివేయడానికి హీలియం వాయువును పంపుతారు. నైట్రోజన్ ఎంతో చవక, అది కూడా మండే వాయువు కాదు. మరి ఖరీదైన హీలియం ఎందుకు? ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. నైట్రోజన్ మైనస్ 210 దగ్గరే గడ్డకట్టిపోతుంది గనుక, గొట్టంలో మిగిలిన కాస్త నైట్రోజన్ కూడా మంచు ముక్కలై దారిని మూసేస్తుంది. హీలియం మాత్రం మైనస్ 269 దాకా వాయువుగానే ఉంటుంది. ఈ హీలియం కథ మన పొరుగున ఉన్న గుంటూరుకు ముడిపడి ఉన్నదని మీలో చాలామంది చదివే ఉంటారు. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. అంతవరకు నిజమే. అయితే "హీలియంను గుంటూరులో కనుగొన్నారు" అని బిట్‌గా రాసుకోవడం తొందరపాటు అవుతుంది. గ్రహణం లేనప్పుడు కూడా సూర్యుని అంచున ఎగసే జ్వాలలను వర్ణపటం సాయంతో చూడవచ్చని గ్రహించడం జాన్సెన్ గొప్పతనం. ఆ వర్ణపటంలోని పసుపు గీత భూమి మీద ఎరగని కొత్త మూలకానిదని ప్రతిపాదించినవాడు ఇంగ్లండుకు చెందిన లాకియర్. ఆ మూలకాన్ని భూమి మీద పట్టుకున్నవాడు రామ్సే, అది కూడా 1895లో.

పులికాట్ సరస్సు ఫ్లెమింగోల సంగతి త్వరగా చెప్పి ముందుకు పోదాం. ఫ్లెమింగోల పండుగ సూళ్లూరుపేటలో జరుగుతుంది గనుక, అవి పక్కనే ఉన్న నేలపట్టులో గూళ్ళు కట్టుకుంటాయని అనుకునేవారు ఎక్కువ. నేలపట్టు చెట్ల మీద గూళ్ళు కట్టేవి గూడబాతులు. ఫ్లెమింగోలు మన పులికాట్‌కు మేతకు వస్తాయి, మన దేశంలో అవి గుడ్లు పెట్టే ప్రధాన స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్. వాటి కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు అనుకుంటాం గాని అది చీలమండ, మోకాలు పైన ఈకల చాటున ఉంటుంది.

సాహిత్యంలో ఒకటి. మహాభారతంలో మూడవదైన అరణ్యపర్వం, నాల్గవదైన విరాటపర్వం, ఈ రెండింటిలో తెలుగులో ముందుగా పూర్తయినది ఏది? విరాటపర్వమే. పదకొండవ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వాన్ని సగంలో వదిలివెళ్ళాడు. పదమూడవ శతాబ్దంలో నెల్లూరి తిక్కన ఆ సగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మిగిలిన భాగాన్ని పద్నాల్గవ శతాబ్దంలో, అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానంలో ఉన్న ఎర్రన పూరించాడు. అదే అద్దంకిలో నన్నయకు సుమారు రెండు వందల ఏళ్ళ ముందు పండరంగని శాసనంలో తరువోజ అనే ఛందస్సులో పద్యం చెక్కి ఉన్నదని గుర్తుంచుకుంటే, తెలుగు పద్యం నన్నయతోనే మొదలైందని ఎవరైనా అన్నప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పవచ్చు.

రాజకీయ చరిత్రలో పరీక్షలకు వెళ్ళేవారు పదేపదే పడిపోయే గొయ్యి ఒకటుంది. టంగుటూరి ప్రకాశం పంతులు 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి, 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. నెల్లూరు జిల్లాకు తన పేరు ఇచ్చిన పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన చోటు మద్రాసు, ఆయన పుట్టిన చోటు కూడా మద్రాసే. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు.

ఇక రాళ్ళ దగ్గరికి వద్దాం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకను చేతిలోకి తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పి చూడండి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు ఒక కోణంలో మెరుస్తాయి, కొంచెం వంచితే అవి ఆరిపోయి వేరే చోట వేరే చుక్కలు వెలుగుతాయి. అందులో ఉన్నది ఏమిటి? బంగారం కాదని అందరూ చెబుతారు, అభ్రకం అని చాలామంది అంటారు. గూడూరు అభ్రకం ప్రసిద్ధమైనది గనుక ఆ ఊహ సహజమే. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. ఇనుము, మెగ్నీషియం కలిసిన సిలికేట్ ఇది. దీని స్ఫటికంలోని పలుచని పొరల మీద వెలుగు పడి తిరిగి వచ్చినప్పుడు కంచు రంగు కనిపిస్తుంది, అందుకే పలకను తిప్పినప్పుడల్లా మెరిసే చుక్క మారుతుంది. ఇంకా తమాషా ఏమిటంటే ఇది అసలు గ్రానైటే కాదు. భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైట్ అనిపించుకోవాలంటే అందులో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, గణనీయంగా ఉండాలి. చీమకుర్తి రాయి గాబ్రో జాతికి చెందినది, అందులో క్వార్ట్జ్ లేనట్టే లెక్క. పాలిష్‌కు నిలిచే ప్రతి గట్టి రాయినీ వ్యాపారంలో గ్రానైట్ అనేస్తారు, క్వారీలో పనిచేసేవారు దానిని గెలాక్సీ అంటే సరిపోతుంది.

చివరిగా నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువులలో అత్యధికం ఏ జాతివి? అక్కడి వారు దానిని నెలోర్ అంటారు. తెల్లటి ఒళ్ళు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు చూస్తే సంక్రాంతి బండలాగుడు పోటీలలో మనం చూసే ఒంగోలు గిత్త అని వెంటనే పోల్చుకుంటాం. మరి ఒంగోలు జాతికి నెల్లూరు పేరు ఎందుకు పడింది? పేరు రాసుకున్నవాడు పొరపాటు పడ్డాడని తేల్చేయకండి. ఆ పశువులు ఓడలెక్కి బ్రెజిల్‌కు పోవడం మొదలైన పంతొమ్మిదవ శతాబ్దంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులో చేరింది, 1970లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమయింది, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఇక్కడ జిల్లా ఎన్ని మార్లు మారినా అక్కడి పశువుకు మాత్రం పాత జిల్లా పేరే నిలిచిపోయింది. ఐరోపా జాతులు నిలవలేని ఎండలో, పిడుదులు పట్టే పచ్చిక బయళ్ళలో, నాసిరకం గడ్డి తిని కూడా బలంగా పెరగడం దీనికి అక్కడ ఆ స్థానం రావడానికి కారణం.

ఇదే జాతికి చెందిన వియాటినా-19 అనే ఆవు ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాని విలువ 40 లక్షల డాలర్లకు పైనే అని మన దగ్గర కూడా విరివిగా వార్తలు వచ్చాయి. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. 2023లో వేలంలో అమ్ముడుపోయినది ఆ ఆవులో మూడవ వంతు వాటా మాత్రమే, ఆ వాటా ధరను మూడుతో హెచ్చిస్తే వచ్చిన అంకె అది. కాబట్టి ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే, "వేలంలో చేతులు మారిన సొమ్మా, లెక్కగట్టిన మొత్తం విలువా?" అని ముందు అడిగి, ఆ తరువాతే జవాబు చెప్పండి.