నీడపట్టున ఉన్నా వడదెబ్బే

అందరికీ నమస్కారం. పనులు ముగించుకుని ఈ కమ్యూనిటీ హాలుకు వచ్చిన అమ్మలకు, నాన్నలకు థాంక్స్. నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా చాలామంది వచ్చారు. సెలవుల్లో పగలంతా పిల్లలు ఉండేది మీ దగ్గరే కాబట్టి ఈ మాటలు ఎక్కువగా మీకే.

ఏప్రిల్ చివర్లో బడులు మూస్తే మళ్లీ జూన్‌లోనే తెరుస్తారు. హైదరాబాద్‌లో ఎండ ముదిరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. "ఎండలోకి పోకురా" అని అందరం చెబుతాం, మంచిదే. కానీ పిల్లల డాక్టర్‌గా నాకు ఇంటి లోపలి వేడి గురించి భయం ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి రేకుల ఇంట్లో తలుపులన్నీ వేసి పిల్లాణ్ని పడుకోబెడితే వాడు నీడలో ఉన్నట్టు కాదు. రేకు కాగి ఆ వేడంతా కిందికి దించుతుంది. స్లాబయితే చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. గది అంతలా కాగినప్పుడు ఫ్యాన్ కూడా వేడిగాలినే కొడుతుంది. తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, ఆ తడి మీద ఫ్యాన్ గాలి తగలనివ్వండి. కప్పు మీద తెల్లగా సున్నం వేయించినా లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగండి, గట్టిగానే అడగండి.

ఇప్పుడు అసలు విషయం. ఒళ్లు కాలిపోతుంటే మనం వెంటనే జ్వరం సిరప్ పోస్తాం. మామూలు జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, పారాసిటమాల్ దాన్ని దించుతుంది. వడదెబ్బలో అలా కాదు. బయటి వేడి ఒంట్లో చేరి బయటికి పోలేక చిక్కుకుంటుంది. అక్కడ ఆ మందు పనిచేయదు, దాన్ని నమ్ముకుని కూర్చున్న అరగంట పోతుంది. ఎండలోనో ఉక్కగదిలోనో ఉన్న పిల్లకు ఒళ్లు 104 డిగ్రీల దాకా వెళ్లి, మాట తడబడినా, మగతగా పడిపోయినా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు విప్పి, ఒంటి నిండా నీళ్లు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేని బిడ్డ నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అంత దాకా రాకుండా చూసుకోవాలంటే పిల్లల మూత్రం గమనించండి. ఆరు గంటలైనా పోయలేదన్నా, ముదురు పసుపుగా వస్తున్నా నీళ్లు చాలడం లేదని అర్థం. ఆటలో పడ్డ పిల్లలు దాహం అని అడగరు. మనమే పిలిచి మజ్జిగో, జావో, నీళ్లో తాగించాలి. తాటిముంజలు, పుచ్చకాయ ఎలాగూ ఉన్నాయి. బండి మీద గోలా, చెరుకురసం విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికీ తెలియదు. ఆరు నెలలు నిండని చంటిబిడ్డకు ఎంత ఎండైనా తల్లిపాలు చాలు. పక్కింటివాళ్లు ఏమన్నా సరే నీళ్లు పట్టొద్దు, ఇంకో రెండుసార్లు పాలివ్వండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. షాపులో ఇచ్చే తియ్యటి డబ్బా డ్రింకు ఓఆర్ఎస్ కాదు. అందులో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరగొచ్చు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా కొనేముందు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. కొంచెం కొంచెంగా వేసి కలపడం కూడా వద్దు. మొత్తం ప్యాకెట్ ఒకేసారి లీటరు నీళ్లలో వేసి, ఒక రోజులో తాగగా మిగిలింది పారబోయాలి.

ఇంకో నాలుగు మాటలు. ఇనుప కూలర్‌లో నీళ్లు పోసేముందు ప్లగ్ పీకండి, తడిచేత్తో ముట్టొద్దు, పిల్లల్ని దాని దగ్గరికి రానీయొద్దు. సంపు మూతకు తాళం వేయండి. ఆగి ఉన్న కారును ఎప్పుడూ లాక్ చేసి ఉంచండి. పిల్లలు దాక్కోవడానికి ఎక్కి లోపల ఇరుక్కుపోతారు, పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల సెల్సియస్ దాకా పెరగొచ్చు. క్వారీ గుంతల్లో ఈతకు మాత్రం పెద్దపిల్లల్ని కూడా పంపకండి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకొద్దు, తాడో చున్నీయో విసరాలి.

ఆ బల్ల మీద లీటరు సీసాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టాం. ఇంటికొకరు ముందుకు రండి. మీ చేతులతో కలిపి, రుచి చూడండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే నీళ్లు తక్కువైనట్టే.