లెస్టర్‌లో మా పిల్ల ఓటు, దుబాయ్‌లో మా తమ్ముడి ఓటు

శ్రోతలందరికీ నమస్కారం.

2024లో నేను రెండు పార్లమెంటు ఎన్నికలు చూశాను. ఒకటి మనది. మే 13న సుబేదారిలో మా ఇంటికి దగ్గరున్న బడిలో వరుసలో నిలబడి ఓటేసి వచ్చాను. రెండోది బ్రిటన్ వాళ్లది. అది జూలై 4న జరిగింది. ఆ దేశంలో నాకు ఓటు లేదు, నేను ఏనాడూ అక్కడ అడుగు పెట్టలేదు. అయినా ఆ రాత్రంతా హనుమకొండలో టీవీ ముందు మేలుకొనే కూర్చున్నాను. ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పినదాన్ని. మన పార్లమెంటరీ పద్ధతి బ్రిటన్ నుంచి తీసుకున్నదని ఎన్ని తరగతులకు చెప్పి ఉంటానో! ఆ మూలాన్ని ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చూడాలని చాలా కాలంగా కోరిక. ఇంకో కారణం, మా సొంత తమ్ముడి కూతురు. అప్పుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో ఎమ్మెస్సీ చదువుతోంది.

జూన్ మొదట్లో ఫోన్ చేసి, "అత్తమ్మా, నాకు ఇక్కడ ఓటు వచ్చింది" అంది.

నేను నమ్మలేదు. "ఏ దేశం ఓటు ఆ దేశం పౌరులకే ఉంటుంది బిడ్డా, సరిగ్గా చూసుకో" అన్నాను. అదే కదా పిల్లలకు ఇన్నేళ్లు చెప్పింది. తర్వాత కూర్చుని చదివితే ఆమె చెప్పిందే నిజమని తేలింది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులు, 18 ఏళ్లు నిండితే, అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. మనం కామన్వెల్త్ దేశమే. కాబట్టి వరంగల్ నుంచి ఆరు నెలల కిందే విమానం ఎక్కిన పిల్లకు కూడా, స్టూడెంట్ వీసా మీదే ఉన్నా, ఓటు హక్కు ఉంటుంది. అదే పక్క గదిలో ఉండే ఫ్రాన్స్ అమ్మాయికో జర్మనీ అబ్బాయికో ఉండదు.

ఇది సామ్రాజ్యం నాటి పాత లెక్క. అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్లంతా బ్రిటిష్ ప్రజల కిందే లెక్క. ఆ లెక్కనే 1892లో దాదాభాయి నౌరోజీ లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీలో పోటీ చేసి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఓట్ల తేడాతో గెలిచి, ఆ పార్లమెంటులో కూర్చుని మన దేశం నుంచి తరలిపోతున్న సంపద గురించి వాళ్ల ముఖం మీదే మాట్లాడాడు. సామ్రాజ్యం పోయింది గానీ ఆ హక్కును వాళ్లు తీసేయలేదు. మన వైపు మనుషులు పోటీ కూడా చేస్తున్నారు. పాత కరీంనగర్ జిల్లా శనిగరం నుంచి వెళ్లిన ఉదయ్ నాగరాజు 2024లో నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ పార్టీ అభ్యర్థిగా నిలబడ్డారు. గెలవలేదు. కానీ ఆ పేరు ఆ బ్యాలెట్ కాగితం మీద ఉందంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

పోలింగ్ రోజు అక్కడ సెలవు లేదు. ఎన్నికలు గురువారమే పెట్టడం 1935 నుంచి వాళ్ల ఆనవాయితీ. పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా ఓటు వేయవచ్చు, కాబట్టి పనికి పోయేవాళ్లు పోయే ముందో వచ్చాకో వేసుకుంటారు. మా పిల్ల దుకాణంలో పార్ట్‌టైమ్ పని ముగించుకుని, రాత్రి 9 గంటలకు వెళ్లింది. అక్కడ జూలైలో ఆ వేళకు ఇంకా వెలుతురే. ఇక్కడ మనకు అర్ధరాత్రి ఒంటిగంటన్నర. చర్చి పక్కన హాలు, లోపల నలుగురు మనుషులు. ఫొటో గుర్తింపు చూపాలన్న నిబంధన పార్లమెంటు ఎన్నికల్లో అదే మొదటిసారి. మా పిల్ల మన ఇండియా పాస్‌పోర్టు చూపింది, అది చెల్లుతుంది. కాగితం ఇచ్చారు, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టింది, మడిచి డబ్బాలో వేసింది. అయిపోయింది.

బయటికి వచ్చి నాకు వీడియో కాల్ చేసి, "వేలికి సిరా పెట్టలేదు అత్తమ్మా" అంది. గొంతులో చిన్న వెలితి. ఖాళీ వేలే చూపించింది. మన దగ్గర ఆ నల్ల గీతను ఎంత అపురూపంగా చూసుకుంటామో ఆ క్షణంలో అర్థమైంది.

మన టైము రెండున్నరకు, అంటే అక్కడ సరిగ్గా పోలింగ్ ముగిసిన నిమిషానికి, ఎగ్జిట్ పోల్ చెప్పారు. మూడు టీవీ సంస్థలు కలిసి ఒకటే చేయిస్తాయట. లేబర్ పార్టీకి 410 సీట్లు అన్నారు. చివరికి వచ్చినవి 411. మన దగ్గర జూన్ 1 సాయంత్రం చెప్పిన ఎగ్జిట్ పోల్స్‌కూ, జూన్ 4న తేలిన అంకెలకూ మధ్య దూరం చూసి నెల రోజులే అయింది కాబట్టి, ఈ ఒక్క అంకె తేడా నన్ను ఆశ్చర్యపరిచింది.

లెక్కింపు చేత్తోనే. పోలింగ్ ముగిసీ ముగియగానే డబ్బాలు హాలుకు చేరుతాయి, రాత్రే లెక్కపెడతారు. మొదటి ఫలితం గంటా పావులో వచ్చేసింది, ఈశాన్య ఇంగ్లండ్‌లోని హౌటన్ అండ్ సండర్లాండ్ సౌత్ నుంచి. ఇంత తొందరగా ఎలా అని ఆశ్చర్యపడేవాళ్లకు ఒక మాట చెప్పాలి. అక్కడ ఒక నియోజకవర్గానికి ఓటర్లు దాదాపు 73 వేలు. మన వరంగల్ లోక్‌సభ స్థానంలో 18 లక్షలకు పైగా ఉన్నారు. భూపాలపల్లి అడవి అంచు నుంచి పాలకుర్తి దాకా ఒకే ఎంపీ. వాళ్ల లెక్క ప్రకారమైతే మనకు ఇక్కడే పాతిక మంది ఎంపీలు ఉండాలి. అందుకే మన ఏనుమాముల మార్కెట్ గోదాముల్లో జరిగే లెక్కింపునూ, వాళ్ల ఊరి హాల్లో జరిగే లెక్కింపునూ పక్కపక్కన పెట్టి తక్కువ ఎక్కువలు చెప్పడం న్యాయం కాదనిపిస్తుంది నాకు.

కానీ ఒకటి మాత్రం చాలా నచ్చింది. ఫలితం చదివేటప్పుడు అభ్యర్థులు ఒకే వేదిక మీద వరుసగా నిలబడటం అక్కడి ఆనవాయితీ. ఓడినవాళ్లు, గెలిచినవాళ్లు, డిపాజిట్ పోయినవాళ్లు, అందరూ. అధికారి ఒక్కొక్క పేరూ, ఓట్లూ చదువుతాడు. ప్రధానిగా ఉన్న రిషి సునాక్ కూడా తన నియోజకవర్గంలో అలాగే నిలబడ్డాడు. తాను గెలిచాడు గానీ పార్టీ ఓడింది. అక్కడే, అప్పుడప్పుడే తెల్లవారుతుండగా, ఓటమి ఒప్పుకుని అవతలి నాయకుడికి అభినందనలు చెప్పాడు. మనకు అప్పటికి పొద్దున తొమ్మిది దాటింది. నేను రెండో చాయ్ తాగుతున్నాను. మన సాయంత్రం ఐదు దాటేసరికి కొత్త ప్రధాని కియర్ స్టార్మర్ డౌనింగ్ స్ట్రీట్ గుమ్మం ముందు మాట్లాడుతున్నాడు. ఓటింగ్ ముగిసి పదిహేను గంటలు కూడా కాలేదు.

ఇక ఓట్లకూ సీట్లకూ పొంతన లేకపోవడం వాళ్లకూ ఉంది. లేబర్‌కు వచ్చిన ఓట్లు నూటికి 34 కూడా లేవు, సీట్లు మాత్రం 650లో 411. రిఫార్మ్ అనే పార్టీకి నూటికి 14 ఓట్లు వచ్చినా సీట్లు ఐదే. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచినట్టు అనే పద్ధతి మనం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాం, కాబట్టి ఈ చిక్కు కూడా కలిసే వచ్చింది. లెస్టర్ ఈస్ట్ నియోజకవర్గంలో అయితే మరీ విచిత్రం. దేశమంతా లేబర్ గాలి వీస్తుంటే, అక్కడ మాత్రం లేబర్ సీటును కన్జర్వేటివ్ అభ్యర్థి శివానీ రాజా గెలుచుకుంది. అంతకుముందు లేబర్ తరఫున ఎంపీలుగా పనిచేసిన ఇద్దరు వేరువేరుగా నిలబడటంతో ఓట్లు చీలాయి. మా పిల్ల ఎవరికి వేసిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పొద్దున టీవీ ఆపి లేచేటప్పుడు అల్మారా మీద ఒక కాగితం కంట పడింది. మే నెలలో బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) ఇంటికి వచ్చి ఇచ్చిన ఓటరు స్లిప్. మా పిల్లదే. పేరు, వరుస నంబరు, బూత్ నంబరు అన్నీ ఉన్నాయి. మే 13న ఆ స్లిప్ అలాగే ఉండిపోయింది. ఆరు నెలల కింద వెళ్లిన దేశంలో ఓటేసిన పిల్ల, పుట్టిన ఊరిలో ఓటు వేయలేకపోయింది.

దాంతోపాటే మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడి వరసైనవాడు, గుర్తొచ్చాడు. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది నిజానికి వాడి కోసమే.

మా పుట్టిన ఊరు కోరుట్ల దగ్గర. వాడు 2006 నుంచి దుబాయ్‌లో షట్టరింగ్ పని చేస్తున్నాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. 2019లో మా నిజామాబాద్ పార్లమెంటు స్థానంలో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పసుపుకు మద్దతు ధర కోసం. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు. మా చిన్నాయన పసుపు రైతే. పోలింగ్ రోజు కొడుకు దుబాయ్‌లో కార్మికుల క్యాంపులో మంచం మీద కూర్చుని ఫోన్‌లో అదంతా చూస్తున్నాడు. "మా ఊరు ఊరంతా వరుసలో ఉంది అక్కా, నేనొక్కణ్నే లేను" అన్నాడు. వాడొక్కడే ఏమిటి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ పల్లెల్లో ప్రతి వాడకట్టు నుంచీ గల్ఫ్‌లో ఉన్నారు.

చట్టంలో వాళ్లకు ఓటు లేదని కాదు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివారికి ఓటరుగా నమోదయ్యే హక్కు ఇచ్చారు. 6ఎ ఫారం నింపాలి. పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామాతోనే పేరు ఎక్కుతుంది. అయితే ఓటు వేయాలంటే పోలింగ్ రోజు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా ఆ బూత్‌కే రావాలి. రెండు నెలల కూలీ విమానం టికెట్‌కే పోతే ఎవరు వస్తారు? 2024లో దేశం మొత్తం మీద దాదాపు లక్షా 20 వేల మంది ఇలా నమోదయ్యారు. వచ్చి ఓటేసినవారు మూడు వేలు కూడా లేరు. వాళ్లలోనూ ఎక్కువ మంది కేరళవాళ్లే.

తమ్ముడు చెప్పిన ఒక సంగతి నా మనసులోంచి పోవడం లేదు. 2022లో వాడి సైటులో పనిచేసే ఫిలిప్పీన్స్ మనిషి ఒక శుక్రవారం బస్సెక్కి, దుబాయ్‌లోని తమ దేశపు కాన్సులేట్‌కు వెళ్లి, తమ అధ్యక్షుడి ఎన్నికలో ఓటేసి మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడట. ఆ దేశం 2003లోనే అందుకు చట్టం చేసుకుంది. "ఇద్దరం ఒకే పని చేస్తం అక్కా, ఒకే క్యాంపుల ఉంటం. వాడు పోయి ఓటేసి వచ్చిండు" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

బ్రిటన్ సంగతి చూడండి. విదేశాల్లో స్థిరపడిన తమ పౌరులకు 15 ఏళ్ల తర్వాత ఓటు పోతుందన్న నిబంధన ఉండేది వాళ్లకు. 2024 జనవరిలో దాన్ని ఎత్తేశారు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లుగా ఉంటున్న బ్రిటిషర్ కూడా పోస్టులోనో, నమ్మకమైన మనిషి ద్వారానో తన ఓటు వేయవచ్చు.

మన దగ్గర ప్రయత్నమే జరగలేదని అనను. ప్రవాసులు తమ తరఫున ఇంకొకరిచేత ఓటు వేయించుకునే బిల్లు 2018లో లోక్‌సభలో ఆమోదం పొందింది. రాజ్యసభకు చేరి ముందుకు సాగకుండానే లోక్‌సభ రద్దయి బిల్లు వీగిపోయింది. సైనికులకు బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపి, నింపి పోస్టులో తెప్పించుకునే పద్ధతి ఉంది. దాన్నే ప్రవాసులకూ ఇవ్వడానికి సిద్ధమని ఎన్నికల సంఘం 2020లో కేంద్రానికి రాసింది.

భయాలు లేకపోలేదు. ఒక్క గదిలో పది మంది ఉండే క్యాంపులో ఓటు రహస్యంగా ఉంటుందా? మేస్త్రీయో ఏజెంటో పక్కన నిలబడి వేయించడా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. అందుకే పోస్టు ఓటు కన్నా, ఇంకొకరిచేత వేయించడం కన్నా, రాయబార కార్యాలయంలో బూత్ పెట్టడమే మేలని నా అభిప్రాయం. తెర చాటున, తన చేత్తో తాను వేస్తాడు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం మన రాష్ట్రంలో 2024లో గానీ రాలేదు. శవపేటికలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే వస్తున్నాయి. ఓటు వేసేవాళ్లయి ఉంటే వాళ్ల గోడు ఇంత ఆలస్యంగా వినేవారా?

నిరుడు సెలవులకు వచ్చినప్పుడు తమ్ముడు హనుమకొండకు వచ్చాడు. పాత జాబితాలో వాడి పేరు ఎప్పుడో తీసేశారు. ఇద్దరం కూర్చుని 6ఎ ఫారం నింపాం. పాస్‌పోర్టు చివరి పేజీలోని చిరునామా చూసి నేను రాస్తుంటే, "నాకు ఏ బూత్ వస్తది అక్కా?" అని అడిగాడు. మన ఊరి ప్రాథమిక పాఠశాలే అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "నేను ఐదో తరగతి సదివిన అర్రలనే డబ్బా పెడ్తరు కదా" అన్నాడు.

ఫారం పంపించాం. పేరు ఎక్కింది. వచ్చే ఎన్నికల నాటికి సెలవు దొరుకుతుందేమో అని ఇప్పటి నుంచే కంపెనీలో అడుగుతున్నాడు.

నమస్కారం.