పట్టా ఉన్నా వద్దనలేని రైతు

ఆస్తి హక్కు అనగానే మన సభల్లో వాదన రెండుగా చీలిపోతుంది. అది స్వేచ్ఛ అని కొందరు, ఉన్నోళ్ల స్వేచ్ఛ అని ఇంకొందరు. నేను మాత్రం ఇవాళ ఈ ఇద్దరి లెక్కలోకీ సరిగ్గా రాని మనిషి గురించి, అంటే సర్కారు ఇచ్చిన డి-పట్టా మీద ఎకరం దున్నుకునే రైతు గురించి మాట్లాడతాను.

1959లో నాగపూర్ కాంగ్రెస్ రైతుల పొలాలు కలిపి సొసైటీ కింద సాగుచేసే ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేస్తే, ఎన్.జి. రంగా గారు దాన్ని ఎదిరించి బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. రాజావార్లు, పారిశ్రామికవేత్తలు చేరడంతో అది డబ్బున్నోళ్ల పార్టీ అన్న పేరు పడింది, అందులో కొంత నిజముంది కూడా. అయినా చిన్న కమతం రైతు పొలం మీద నిర్ణయం సొసైటీ చేతికి పోతే అతని మాటకు విలువెక్కడ అన్న ప్రశ్న మాత్రం అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే.

అలాగని ఆస్తి జోలికే వెళ్లొద్దని నేననను. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని తీసేసి సాగుదార్లకు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ పట్టాలిచ్చింది. ఆస్తి హక్కును దున్నేవాళ్లకు పంచిన మంచి పని అది.

1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసి, మామూలు చట్టబద్ధ హక్కుగా 300ఎ అధికరణంలో పెట్టింది. పెద్ద కంపెనీలకు వకీళ్లున్నారు, వాళ్లకు పెద్దగా పోయిందేమీ లేదు. 1894 నాటి భూసేకరణ చట్టమేమో 2013 దాకా నడిచింది, ప్రజా ప్రయోజనం ఏమిటో సర్కారే తేల్చేది, అర్జెంట్ అంటే అభ్యంతరాలు కూడా వినక్కర్లేదు.

ఇక అసైన్డ్ భూమి, అంటే సర్కారు పేదలకు డి-పట్టా మీద ఇచ్చిన భూమి. పేదల నుంచి ఎవరూ కొనుక్కోకుండా 1977 చట్టం అమ్మకాన్ని నిషేధించింది, ఉద్దేశం మంచిదే. కానీ అదే భూమి సర్కారుకు కావాల్సొచ్చినప్పుడు "ఇది మా భూమేగా" అని తక్కువ ముట్టజెప్పి తీసుకునేవాళ్లు. పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది! 2013 చట్టం అసైన్డ్ రైతును కూడా భూయజమాని నిర్వచనంలోకి తెచ్చింది, ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే 80 శాతం మంది ఒప్పుకోవాలంది. తర్వాత మన రెండు రాష్ట్రాలూ సొంత సవరణలు చేసుకుని కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా, అంటే సేకరణ వల్ల జనం మీద ఏం ప్రభావం పడుతుందో ముందే చూసే పని, అవసరం లేకుండా చేసుకున్నాయి.

సమసమాజం కోరేవాళ్లనైనా, మార్కెట్ కావాలనేవాళ్లనైనా నేను అడిగేది ఒక్కటే. నోటీసు వచ్చిన రోజు ఆ ఎకరం రైతు ఆఫీసుకెళ్లి "ఇవ్వను" అంటే ఆ మాట రికార్డుకెక్కాలి, ఎందుకు తీసుకుంటున్నారో అతనికి తెలుగులో, కాగితం మీద జవాబు రావాలి, ఆ జవాబు వచ్చేదాకా పొలంలోకి జేసీబీ దిగకూడదు.